తొట్టికి వెలుతురు చాలడం లేదు

పొద్దున ఆరున్నరకు శివపార్వతి పెనం మీద జొన్నరొట్టె తిరగేసి, కూతురి నొసటి మీద చెయ్యి పెట్టి చూసింది. నొసలు కాలిపోతోంది. ఈ పూట బడి వద్దు, కషాయం తాగి పడుకో అని చెప్పింది. ఏ పిల్లయినా ఆ మాటకు లోపల్లోపల సంతోషపడి దుప్పట్లో దూరుతుంది. హులిగి మాత్రం లేచి యూనిఫాం తొడుక్కోవడం మొదలుపెట్టింది.

హులిగి తొమ్మిదో తరగతి. పెళ్ళయిన ఆరేళ్ళకు హులిగెమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ, అందుకని ఆ తల్లి పేరే పెట్టుకున్నారు. మునుపు బడి ఎగ్గొట్టడానికి లేని కడుపునొప్పి తెచ్చుకునేది. నాలుగు నెలలుగా ఏమైందో గాని ఒక్క రోజు మానలేదు. కాలికి ముల్లు దిగి చీము పట్టినప్పుడు కూడా కుంటుకుంటూ పోయి వ్యాన్లో వాళ్ళ నాయన పక్క సీట్లో కూర్చుంది. పిల్లకు చదువు మీద బుద్ధి పుట్టిందని తల్లి మురిసిపోయింది.

"పరీక్షలు గూడా లేవు గదా. ఒక్కదినం పోకుంటే ఏమైతాది?" అని శివపార్వతి అడిగితే, పిల్ల నడవా వైపు చూసింది.

నడవాలో వాళ్ళ నాయన భీమేష్ చేపల తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

భీమేష్ బళ్ళారిలో ఒక ప్రైవేటు బడికి వ్యాను తోలతాడు. సంగనకల్లు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి హులిగితో కలిపి ఇరవైరెండు మంది పిల్లలను పొద్దున తీసుకుపోయి సాయంత్రం తెచ్చి దింపడం అతని పని. పదకొండేళ్ళలో బండికి ఒక్క గీత పడనివ్వలేదని ఊళ్ళో పేరుంది. రెండేళ్ళ కిందట ఆ బడి సైన్సు టీచరమ్మ ఊరు వదిలి పోతూ తన రెండున్నర అడుగుల గాజు తొట్టిని అతనికి ఇచ్చిపోయింది. అందరూ ఇలాంటి తొట్లలో ప్లాస్టిక్ మొక్కలు పెట్టుకుంటారు. భీమేష్ అడుగున ఇసుక పరిచి, కాలవలో నాచు పీక్కొచ్చి, అంగట్లో రిబ్బన్లలాంటి పొడవాటి ఆకుల మొక్కలు కొనుక్కొచ్చి నాటాడు. చేపలు ఎనిమిదే. వాటికంటే ఆ పచ్చదనమే అతనికి ముద్దు. బండి దిగి ఇంటికి రాగానే చెప్పులన్నా విప్పకుండా దాని ముందు కూర్చునేవాడు.

నీళ్ళలో మొక్క బతకాలంటే పైన లైటు ఉండాలి. మొదట ఖాజా హుసేన్ అంగట్లో పద్దెనిమిది వాట్ల ఎల్ఈడీ పట్టీ తెచ్చాడు. ఏడాది పైన బాగానే నడిచింది. ఈ ఎండాకాలం నుంచి అతనికి వెలుతురు చాలడం లేదన్న పట్టుదల పట్టుకుంది. ముప్పైయారు వాట్లది తెచ్చాడు. దసరా ముందు, ఇళ్ళు కట్టేచోట వేలాడదీసే అరవై వాట్ల ఫ్లడ్ లైటు తెచ్చి రెండు ఇటుకల మీద నిలబెట్టాడు. లేస్తూనే వేస్తాడు, పడుకునేదాకా ఆర్పనివ్వడు. తొట్టి అద్దాలకూ ఆకులకూ పచ్చటి పాచి పట్టింది. చేపలు రాయి చాటుకు చేరి మేత వేసినా బయటికి రావడం లేదు.

"ఇంగా మబ్బుగానే ఉండాది. ఎడమ మూలలో మొక్కలు కనపడనే కనపడవు," అన్నాడు భీమేష్, భార్య అడుగుల చప్పుడు విని. "ఆదివారం నూరు వాట్లది ఏమన్నా దొరుకుతాదేమో చూస్తా."

ఆ వెలుగుకు శివపార్వతి కళ్ళు చికిలించుకుపోయాయి. మామూలుగా అయితే కరెంటు బిల్లు నీ మొక్కలు కడతాయా అని విసుక్కునేది. ఈ పూట ఆమెకు విసుగు రాలేదు. భయం వేసింది.

శివపార్వతి జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టే పని చేస్తుంది. నిన్న కుట్టిన మూట ఇవ్వడానికి బళ్ళారి పోయినప్పుడు ఖాజా హుసేన్ అంగడికి వెళ్ళి, ఈ పాచి పోయే దారేమిటని ఫోన్లో ఫొటో చూపించింది. అతను ఫొటోను పెద్దది చేసి చూసి నవ్వాడు. రెండున్నర అడుగుల తొట్టికి పద్దెనిమిది ఇరవై వాట్లు, దినానికి ఆరేడు గంటలు వేస్తే చాలు అన్నాడు. అంతకు మించి వేస్తే మొక్కలకు అందాల్సిన బలమంతా పాచి తినేస్తుందట, చేపలకు నిద్ర కూడా ఉండదట. తర్వాత ఫోను తిరిగిచ్చేస్తూ మామూలుగానే ఒక మాటన్నాడు.

"ఇంత లైటు నా అంగడంతా కలిపినా లేదక్కా. ఎవురికి చాలడం లేదు, మొక్కలకా, అన్నకా?"

అప్పుడు నవ్వేసి వచ్చింది. బస్సులో కూర్చున్నాక ఆ మాట కడుపులోకి దిగింది. అన్నం తినేటప్పుడు ఎడమ పక్కన పెట్టిన చెంబు ఈ మధ్య ఎన్నిసార్లు తన్నేశాడో గుర్తొచ్చింది. ఆ పక్క నిలబడి పిలిస్తే ఎందుకలా ఉలిక్కిపడుతున్నాడో, మొన్న గుళ్ళో సొంత పెదనాన్న కొడుకు ఆ పక్కనే వచ్చి నిలబడినా పలకరించకుండా ఎందుకు దాటిపోయాడో వరసగా గుర్తొచ్చాయి. వ్యానుకు ఎడమవైపు పొడుగునా పడిన తెల్లటి గీత. బడి గేటు ఇరుకని చెప్పాడు. పదకొండేళ్ళుగా లేని ఇరుకు ఇప్పుడెక్కడ నుంచి వచ్చిందని ఆమె అడగలేదు. సాయంత్రం అడుగుదామనుకుంది. నోరు రాలేదు. అడిగితే అతను జవాబు చెప్పేస్తాడేమోనని.

ఇప్పుడు ధైర్యం తెచ్చుకుంది. "మామా, ఒకసారి కండ్లు చూపించుకొని వద్దామా?"

భీమేష్ చివ్వున లేచాడు. "నా కండ్లకేమైంది? లైటు బాగలేదంటే కండ్లంటావేంది?" అని తాళంచెవులు తీసుకున్నాడు. గడప దాకా పోయి, కూతురు రావడం లేదేమని అడిగాడు. జ్వరమనీ, పంపనని చెప్పాననీ శివపార్వతి అంది. అతను వెంటనే కదలలేదు. చెయ్యి వాకిలి మీద పెట్టి, తాళంచెవులు చూసుకుంటూ కాసేపు నిలబడ్డాడు. ఆఖరికి, "సరే, పండుకోనీలే," అని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

వ్యాను చప్పుడు వీధి మలుపు తిరిగిందో లేదో, హులిగి గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. జ్వరం తలకెక్కిందని శివపార్వతి దుప్పటి తెచ్చి కప్పబోతే పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నాయనకు ఎడమపక్క కనపడదు మా."

శివపార్వతి అలాగే చతికిలబడింది. పిల్ల ఏడుస్తూ, మధ్యలో ఆగుతూ చెప్పుకొచ్చింది. నాలుగు నెలల కిందట కాలవ వంతెన దగ్గర ఎడమ నుంచి వచ్చిన మోటారు సైకిలును నాయన చూసుకోలేదు. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ సాయంత్రం పిల్లలందరినీ దింపేశాక వ్యాను పక్కకు ఆపి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. మీ అమ్మకు చెప్పొద్దు, ఎవరికీ చెప్పొద్దు, నువ్వు ముందర కూచోని ఎడమపక్క ఏమొస్తాందో నాకు చెప్తా ఉండు, కొన్నాళ్ళకు నాకే సర్దుకుంటాదని అన్నాడు. ఆనాటి నుంచి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సైకిలు నాయనా, ఎనుములు నాయనా, ముసలామె దాటుతాండాది నాయనా అని చెప్తూనే ఉంది. వెనక పిల్లలు తండ్రీ కూతుళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారని అనుకునేవాళ్ళు.

"రెప్ప గూడా వాల్చను మా. ఈపొద్దు ఎవురు చెప్తారు?"

శివపార్వతి పొయ్యి ఆర్పిందో లేదో కూడా ఆమెకు తెలియదు. ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. బండి తోలేటప్పుడు అతను ఫోను ఎత్తడు, ఆ జాగ్రత్త గురించే ఊళ్ళో అందరూ మెచ్చుకునేది. పక్కింటి నారప ఆటో తుడుచుకుంటున్నాడు. ఆమె పరుగున పోయి, బళ్ళారి దారిలో పోనీ అన్నా, ఎందుకో అడగొద్దు అంది. హులిగి వద్దంటున్నా వినకుండా శాలువా కప్పుకుని ఎక్కేసింది.

దారిలో బడి నంబరు తీసి పట్టుకుంది. నొక్కితే పదకొండేళ్ళ పేరు ఈ క్షణంతో పోతుంది. మనిషి మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేడు. అప్పుడు ఇరవై ఒక్క ఇళ్ళలో ఇరవై ఒక్క మంది తల్లులు ఈ పొద్దున జడలు వేసి, డబ్బాలు కట్టి, తన మొగుణ్ణి నమ్మి పంపించారన్న సంగతి గుర్తొచ్చింది. నొక్కేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆఫీసు ఇంకా తెరవలేదేమో.

మిరప చేల మధ్య దారి. ప్రతి మలుపు దగ్గరా ఆమె ఆటోలోంచి బయటికి వంగి చూసేది. ఏమీ లేని దారి కనపడితే ఊపిరి వచ్చేది, మళ్ళీ మలుపు వచ్చేది. హులిగి పక్కన కూర్చుని, ఆటోలో కూడా, తనకు తెలియకుండానే గొణుగుతోంది. సైకిలు. గొర్రెలు. ట్రాక్టరు. ఆ గొణుగుడు విన్నప్పుడు శివపార్వతికి ఏడుపు తన్నుకొచ్చింది గాని ఏడవడానికి వ్యవధి లేదు.

కాలవ దాటాక జనం కనపడ్డారు. పసుపుపచ్చ వ్యాను దారి పక్కకు ఒరిగి ఆగి ఉంది. దాని ముందు పచ్చిగడ్డి చెల్లాచెదరుగా పడి ఉంది. నారప ఆటో ఆపకముందే ఆమె దిగి పరుగెత్తింది, పిల్లలను లెక్కపెట్టుకుంటూ. కొందరు కిందికి దిగి నిలబడ్డారు, కొందరు కిటికీల్లో ఉన్నారు. పదహారు దాకా లెక్కపెట్టి తప్పింది, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. హులిగి తన వెనకే ఉంది. ఇరవైరెండు.

భీమప్ప అనే ముసలి రైతు సైకిలు మీద గడ్డిమోపు కట్టుకుని పోతుంటే వ్యాను అద్దం మోపును తగిలింది. ఆయన మెత్తటి మట్టిలో పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. ఆయన కోపంగా కూడా లేడు, బిత్తరపోయి ఉన్నాడు. "నన్ను చూడనే లేదమ్మా ఈయప్ప. హారను గూడా కొట్టలే. నేనే లేనట్ల మీదికొచ్చినాడు," అని వచ్చిన వాళ్ళందరికీ చెప్తున్నాడు.

భీమేష్ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. అయినా చేతులు ఊపుతూ, సైకిలాయన అడ్డంగా తిప్పాడని, ఏమీ కాలేదు గదా, టైమైపోతాందని, పిల్లలను ఎక్కండి ఎక్కండి అని తొందర పెడుతున్నాడు. భార్యను చూసి నోరు మూతపడింది. నువ్వెందుకొచ్చినావని అడిగాడు.

"తాళంచెవి ఇయ్యి మామా," అంది శివపార్వతి.

"నలుగురిలో ఏందిది? ఇంటికి పో."

"ఇయ్యి మామా. ఈ బండి ఇంగ నువ్వు తోలొద్దు."

అతను వ్యాను తలుపు వైపు తిరిగాడు. అతని ఎడమ చేతికి ఆనుకుని యుకేజీ చదివే పిల్లవాడొకడు, నీళ్ళ సీసా మెళ్ళో వేసుకుని, ఎక్కించమని రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. భీమేష్ వాడి మీదికే అడుగు వేశాడు. పిల్లవాడు వెల్లకిలా పడి కెవ్వుమన్నాడు. భీమేష్ ఆ ఏడుపు ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ ముందు కుడివైపు చూశాడు, తర్వాత వెనక్కు చూశాడు. ఆఖరికి తల పూర్తిగా తిప్పితే గాని కాళ్ళ దగ్గరున్న బిడ్డ కనపడలేదు.

అతను వంగి పిల్లవాణ్ణి లేపి, నిక్కరుకంటిన మట్టి దులిపాడు. దులుపుతూనే ఉన్నాడు, మట్టి పోయాక కూడా. తర్వాత లేచి, జేబులోంచి తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టాడు. అతని చెయ్యి చల్లగా ఉంది.

శివపార్వతి మళ్ళీ ఫోను చేస్తే బడి వాళ్ళు ఇంకో వ్యాను పంపారు. వచ్చిన మేనేజరుకు శివపార్వతి ఏదో సర్దిచెప్పబోతే భీమేష్ ఆపాడు. నాకు కండ్లు సరిగా కనపడటం లేదు సార్, నాలుగు నెలలాయ, దాచిపెట్టినా, అని తనే చెప్పాడు. పదకొండేళ్ళుగా తెలిసిన ఆ మేనేజరు అతని ముఖంలోకి చూసి, పిల్లలను ఎక్కించుకుని పోయాడు.

ఇంటికొచ్చేసరికి నడవాలో ఫ్లడ్ లైటు భగభగా వెలుగుతూనే ఉంది. హులిగిని పడుకోబెట్టి, మాత్ర వేసి వచ్చి, శివపార్వతి ఇంతసేపూ పట్టుకున్న మాటలన్నీ వదిలేసింది. ఎన్నో అన్నది. అవన్నీ తర్వాత ఆమెకే గుర్తులేవు. ఒక్కటి మాత్రం గుర్తుంది.

"నీకు కనపడలేదని కాదు నా ఏడుపు. పద్నాలుగేండ్ల బిడ్డ మీద ఇరవైరెండు ప్రాణాలు పెట్టినావు చూడు. జ్వరంలో ఆటోలో గూడా సైకిలు, గొర్రెలు అని గొణుగుతాంది మామా అది."

భీమేష్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా నాయన లక్ష్మన్న నీకు తెలుసు గదా అన్నాడు. ఆమె కోడలిగా వచ్చేసరికే ఆ మామ పూర్తిగా గుడ్డివాడు. వయసు మీదపడి పోయాయని అందరూ అనేవాళ్ళు. వయసు కాదు. ఆయనకు నలభై ఐదేళ్ళప్పుడే మొదలైందట. సాయంత్రమైతే, దీపం పెంచండ్రా, ఏంది ఈ మబ్బు, అని అరిచేవాడు. తర్వాత తర్వాత మిట్టమధ్యాహ్నం నడివీధిలో నిలబడి దీపం పెంచమని అడిగేవాడు. ఊళ్ళో పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ నవ్విన వాళ్ళలో భీమేష్ కూడా ఉన్నాడు.

"ఈ తొట్టి మబ్బుగా కనపడిన దినమే నాకు మా నాయన గొంతు వినపడింది. లైటు తప్పయితే బాగుండు అనుకున్నా. ఇంగోటి తెచ్చినా, ఇంగోటి తెచ్చినా. ఆస్పత్రికి పోతే వాళ్ళు పేరు పెట్టేస్తారు గదా పార్వతీ. భయమేసింది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో భయమేసిందన్న మాట అతని నోట ఆమె వినలేదు. కోపం ఎక్కడికక్కడ నీరుగారిపోయింది. పోయి పక్కన కూర్చుంది. ఎడమ పక్కన కూర్చోబోయి, మళ్ళీ లేచి కుడిపక్కకు వచ్చింది. వాకిలి దగ్గర దుప్పటి కప్పుకుని నిలబడ్డ హులిగిని ఇద్దరూ చూడలేదు. పిల్ల వచ్చి తండ్రి ఒళ్ళో తల పెట్టుకుంది. అతను కూతురి తల మీద చెయ్యి వేసి, తప్పు చేసినా తల్లీ అని అన్నాడు. ఆ పిల్ల సరేనని గాని, పరవాలేదని గాని అనలేదు. ఏడ్చింది, అంతే.

మరుసటి రోజు బళ్ళారిలో కంటి ఆసుపత్రికి పోయారు. చీకటి గదిలో ఒక గిన్నెలాంటి మిషను లోపలికి తల పెట్టించి, చేతికి ఒక మీట ఇచ్చారు. చుక్కలాంటి వెలుగు ఎక్కడ కనపడితే అప్పుడు నొక్కాలి. శివపార్వతిని తలుపు దగ్గర నిలబడనిచ్చారు. చుక్కలు వస్తున్న గుర్తుగా మిషను మెల్లగా గుర్రుమంటోంది. మీట చప్పుడు మాత్రం రావడం లేదు. ఎప్పుడో ఒక టిక్కు. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. నొక్కు మామా, నొక్కు అని లోపల్లోపలే అనుకుంటూ ఆమె పమిట కొంగు పళ్ళ మధ్య పెట్టుకుంది.

డాక్టరమ్మ కన్నడంలో నిదానంగా చెప్పింది. నీటికాసుల జబ్బు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, చూపు పక్కల నుంచి తగ్గుకుంటూ వస్తుంది. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబడాలంటే దినమూ కంట్లో చుక్కల మందు వేసుకోవాలి, జీవితాంతం. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఇంకొంత మిగిలేదని కూడా చెప్పింది. భీమేష్ తల వంచుకుని విన్నాడు. బండి గురించి అతను అడగలేదు, ఆమే చెప్పింది, ఇక వద్దని. ఇది రక్తసంబంధంలో వచ్చే జబ్బు కాబట్టి పాపకు కూడా చూడాలి అంది. అప్పుడు మాత్రం భీమేష్ తలెత్తి, ఇప్పుడే చూడమని అడిగాడు. హులిగిని లోపలికి తీసుకుపోయిన అరగంట ఆ మొగుడూపెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పిల్ల కళ్ళు బాగున్నాయి. ఏడాదికొకసారి చూపించుకుంటే చాలన్నారు. భీమేష్ ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇంటికి రాగానే ఇటుకల మీది ఫ్లడ్ లైటు తనే దించాడు. అటక మీదున్న పాత పద్దెనిమిది వాట్ల పట్టీ తీసి తుడిచి బిగించాడు. తీగ ఎడమ పక్క చిక్కుకుంటే శివపార్వతి విప్పి ఇచ్చింది. దినానికి ఆరు గంటలు, అంతకు మించి వద్దని ఖాజా హుసేన్ చెప్పిన లెక్క ఆమె చెప్పింది. సరేనన్నాడు. తనకు నడుమ ఒక పచ్చటి మరక మాత్రమే తెలుస్తోందని, మొక్కలకు ఇది చాలుతుందో లేదో మీరే చూసి చెప్పండని అన్నాడు. వారం రోజులకు పాచి పలచబడింది. చేపలు రాయి చాటు నుంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. శివపార్వతి కుడిపక్కన కూర్చుని ఏ చేప ఎక్కడుందో చెప్తుంటే, అతను తల మెల్లగా తిప్పుతూ పట్టుకునేవాడు.

బడిలో తోటపని ఏదన్నా చూస్తామన్నారు గాని ఇంకా ఏదీ తేల్చలేదు. శివపార్వతి జేబుల మూటలు ఇంకో రెండు ఎక్కువ తెచ్చుకుంటోంది. భయం పోయిందని కాదు. పొద్దున లేవగానే అతను కిటికీ వైపు చూసి, నిన్న కనపడిన వేపచెట్టు ఈ రోజూ కనపడుతోందా అని వెతుక్కోవడం ఆమె చూస్తూనే ఉంది. అడిగితే చెప్తున్నాడు, దాచడం లేదు. అది చాలనుకుంది.

జ్వరం పూర్తిగా తగ్గాక, సోమవారం హులిగి బడికి బయలుదేరింది. కొత్త డ్రైవరు హారను కొట్టాడు. భీమేష్ కూతురి సంచి మోసుకుని వ్యాను దాకా పోయాడు. పిల్ల అలవాటు కొద్దీ ముందు తలుపు తీయబోయింది. అతను ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందర వద్దు తల్లీ. వెనక్కు పో. నీ జతగాళ్ళతో కూచో."

ఆమె ఒక్క క్షణం తండ్రి ముఖంలోకి చూసి వెనక్కు ఎక్కింది. వ్యాను కనుమరుగయ్యేదాకా అతను వాకిట్లోనే నిలబడ్డాడు. ఆ రోజంతా శివపార్వతి మిషను మీద కుడుతూ ఉంది గాని చెవులు రెండూ దారి మీదే ఉన్నాయి. అతను కూడా నడవాలో నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి నడవాలోకి తిరుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం వ్యాను చాలాసేపు ఆగింది. ఎవరూ దిగలేదు. ఇద్దరూ కంగారుగా బయటికి పరుగెత్తారు. లోపల పిల్లలు నవ్వుతూ ఎవరినో తట్టి లేపుతున్నారు. హులిగి కళ్ళు నులుముకుంటూ దిగింది. చెంప మీద సీటు గీతలు అచ్చుపడి ఉన్నాయి, జడ ఊడిపోయి ఉంది.

"నిద్రపోయినా నాయనా," అంది, ఏదో తప్పు చేసినట్టు. "బడి నుంచి ఈడిదాకా. ఏమీ చూడల్యా."

భీమేష్ కూతురిని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు. శివపార్వతి వాళ్ళిద్దరినీ చూస్తూ, కింద పడిన సంచి తీసి దుమ్ము దులుపుకుంటూ నిలబడింది.